చీమలు చేరిన చోటు

"అది కామందులకొచ్చే జబ్బే. చేపలమ్ముకునేవాళ్లకి రాదు, పో!" అంటూ వైద్యులు కామేశంగారు అరుగు మీంచి లేవబోయారు.

తలుపులమ్మ కదల్లేదు. ఈ మాట వినడం ఇది మూడోసారి. పడవ నడిపే కొడుకు బుల్లియ్య ఆర్నెల్లలో ఎండుచేపలా అయిపోయాడు. కుండెడు నీళ్లు తాగినా వాడికి దాహం తీరదు. ఏ పూట ఏం వినాల్సొస్తుందోనని ఆమెకు కంటి మీద కునుకు లేదు.

"నేతి గారెలు తిని కూర్చునేవాళ్లకే మధుమేహం. నీవాడికి గాలి సోకింది, అంతే."

"మరి సీమల మాటేంటి, బాబుగారండీ?"

"చీమలేంటే?"

"కామందుగారి ఉచ్చకి సీమలు పట్టాయనే కదండీ తమరు మందిచ్చారు? సేపలిత్తానికెల్లి నా కళ్లతో సూశానండి. మావోడు పాక ఎనకాల పోసినచోటా అట్టాగే బారులు కట్టాయండి. సీమలు కూడా ఆస్తి సూసే వత్తాయాండి?"

కామేశంగారు మళ్లీ కూర్చున్నారు. "వాడికేం పెడుతున్నావు?" ఈసారి గొంతులో కసురు లేదు.

"సిక్కిపోతన్నాడని మరిడమ్మ తల్లికి మొక్కుకున్నానండి. తల్లికి సూపించి, మూడుపూటలా ముంతెడు బెల్లం పానకం తాగిత్తన్నాను. ఒక్కపూటా తప్పలేదండి."

ఆయన తల దించుకున్నారు. "మొదటిసారి వచ్చినప్పుడే నేను అడగాల్సింది."

మందిస్తే అందులో కలిపి కొడుక్కి తాగిద్దామని తెచ్చిన పానకం ముంత ఆమె పక్కనే ఉంది. దాని అంచు మీదికి చీమలు ఎక్కుతున్నాయి.

తలుపులమ్మ ముంత మూతిని రెండు చేతులా మూసేసింది.