రెండో అంకె

“మమ్మల్ని అమ్మేశావు కదరా డెస్మండ్! పాడి రైతుల నోట్లో మట్టి కొట్టి, ఆ గ్యాస్ కంపెనీ వాళ్ల బల్ల దగ్గర కూర్చుని కేకు తింటావా?”

నోలీన్ అరుపుకి, ఊరివాళ్లు బంతులాట ఆడుకునే బౌల్స్ క్లబ్బులో అందరూ ఇటు తిరిగారు. వంటగదిలో ఎవరో కుళాయి కట్టేశారు.

డెస్మండ్ ప్రైక్ చలించలేదు. వాడు ఎన్నికల సలహాదారు. పాడి రైతులు పెట్టుకున్న బోరు నీళ్ల పార్టీకి నినాదం రాసింది వాడే. జెండాకి రంగు ఎంచిందీ వాడే. ఇప్పుడు గ్యాస్ కంపెనీ నిలబెట్టిన అభ్యర్థి రస్క్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రస్క్ గెలిస్తే ఆస్ట్రేలియాలోని ఈ గిప్స్‌లాండ్ అంతటా గ్యాస్ తవ్వకాలకి తలుపులు బార్లా తెరుస్తాడని అక్కడ అందరికీ తెలుసు. తవ్వితే బోర్లలో నీళ్లు పోతాయనీ తెలుసు.

“అరవకు మేట్. బయట మాట్లాడుకుందాం పద.”

“నన్ను మేట్ అనకు, నేను నీ నేస్తాన్ని కాను. నా ఆవులు కూడా నిన్ను దగ్గరికి రానివ్వవు.”

బయట కార్ల మధ్య నిలబడి డెస్మండ్ తాపీగా చెప్పాడు.

“గ్యాస్ వాళ్ల పనీ నేనే చూస్తాను. చిన్న పార్టీల పనీ నేనే చూస్తాను. ఎవరి ఓట్లు ఎవరికి మళ్లాలో కుదర్చడమే నా వృత్తి. దాచానా? మీరు అడిగారా?”

“మా రెండో అంకె ఎవరికి పెట్టావ్?”

“రస్క్‌కి.”

నోలీన్ పక్కనున్న కారుని చేత్తో చరిచింది.

అక్కడ ఓటు వెయ్యడం చిటికెలో పని. పెద్ద కాగితం మీద, పై వరసలో, నచ్చిన పార్టీ గడిలో ‘ఒకటి’ వేస్తే చాలు. ఆ పార్టీ ఓడిపోతే ఓటు చచ్చిపోదు. పార్టీ ముందే దాఖలు చేసిన వరసలో రెండోవాడికి పోతుంది. వాడూ ఓడితే మూడోవాడికి. ఆ వరస ఏమిటో చూసే తీరిక ఎవరికి ఉంది?

బోరు నీళ్ల పార్టీ ఎలాగూ గెలవదు. దానికి పడ్డ ఓట్లన్నీ మూటగట్టి రస్క్ గుమ్మంలో దించడానికే డెస్మండ్ దాన్ని పెంచాడు.

“మార్చు.”

“దాఖలైపోయింది. ఇక మార్చడం కుదరదు.”

“అయితే అభ్యర్థి పేరే తీయించెయ్.”

“గడువు దాటింది. ఇప్పుడు అభ్యర్థి గొంతు చించుకున్నా పేరు కాగితం మీదే ఉంటుంది.”

“ఓటు ఎలా వెయ్యాలో చూపే కార్డులు వేరేవి అచ్చేసి పంచుతాం. కాగితం కింది భాగంలో ఎవరి వరస వాళ్లే వేసుకోండని చెబుతాం.”

“ఆమోదం లేని కార్డు పోలింగ్ గేటు దగ్గర పంచితే లాగేసుకుంటారు. ఆ గడువూ దాటింది.” నవ్వాడు. “అయినా ఆ వరస కింద సంతకం నాది కాదుగా. అభ్యర్థి అన్నాక చదివి పెట్టాలి.”

“నిన్ను నమ్మి పెట్టిన సంతకం రా అది!”

“నమ్మకానికి నేను ఫీజు తీసుకోలేదు. శనివారం పోలింగ్‌లో నవ్వుతూ నిలబడు, కార్డులు పంచు. బయటపెడితే పోయేది మీ పరువే. మీవాళ్లే మిమ్మల్ని దొంగలంటారు.”

నోలీన్ ఊరి రేడియోకి ఫోన్ చేసింది. డెస్మండ్ ఏ చట్టం మీరాడో చెప్పమన్నారు. ఏమీ మీరలేదు. అదే కదా ఏడుపు! ఇలాంటివాళ్లు ఏ చట్టాన్నీ మీరరు. మీరక్కర్లేకుండా చట్టాన్నే తమకి తగ్గట్టు రాయించుకుంటారు.

శనివారం ఓటెయ్యడానికి బడి గేటు ముందు వరస కట్టారు జనం. ప్రతి ఎన్నికకీ ఉండే ఆనవాయితీగా మాంసం సాసేజ్‌లు కాలుతున్నాయి, ఉల్లిపాయలు వేగుతున్నాయి. నోలీన్ కార్డుల కట్ట పట్టుకుని నిలబడింది. చెయ్యి ముందుకు రావడం లేదు.

రస్క్ తరఫున మెల్‌బోర్న్ నుంచి దిగిన ఒకావిడ పలకరించింది.

“మీ అభ్యర్థి రాలేదేం? భయపడి ఇంట్లో కూర్చుందా?”

“ఇక్కడే ఎక్కడో చస్తూ ఉంటుంది. మొహం చెల్లడం లేదు.”

“ఎలా ఉంటుందో చూద్దామనుకున్నా.”

“చూడ్డానికేముంది? చదవకుండా సంతకాలు పెట్టే మొద్దు మొహం.”

ఆవిడ పకపకా నవ్వింది. “సొంతవాళ్లనే ఇలా తిడతారా!”

అంతలో క్లారీ వచ్చాడు. నోలీన్ పొలానికి ఆనుకునే ఆయన పొలం. ముసలాయన బూట్లకి పేడ ఇంకా తడిగానే ఉంది.

“ఇలా తే అమ్మాయ్ ఆ కార్డు. ఓటు వచ్చినప్పటి నుంచీ ఒకే పార్టీకి వేశాను. మా ఆవిడ బతికుంటే నన్ను గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. అయినా ఈసారి నీళ్లకే. నీ మాట మీద.”

“క్లారీ, ఆగు.”

“ఆగేదేముంది? నా వెనక చూడు, అందరం నీళ్లకే.”

చూసింది. పార్టీ కోసం కేకులు కాల్చి అమ్మినవాళ్లు. ఎండలో కంచెలకి బోర్డులు కొట్టినవాళ్లు. నోలీన్ వీళ్ల ఇళ్లకే వెళ్లి తలుపు తట్టి, టీ తాగి, మాట తీసుకుంది. అందరూ నవ్వుతూ చేతులు చాస్తున్నారు. మాట్లాడకపోతే నీళ్లు పోతాయి. మాట్లాడితే ఈ మొహాల్లో నవ్వు పోతుంది, నీళ్ల కోసం ఇక్కడ పుట్టిన ఒక్క పార్టీ ఈ గేటు ముందే చస్తుంది.

క్లారీ కార్డు లాక్కుని లోపలికి నడిచాడు.

నోలీన్ కార్డుల కట్టని చెత్తడబ్బాలో పడేసింది. పిల్లలు కూర్చునే బల్ల ఎక్కింది. గొంతు పగిలేలా అరిచింది.

“క్లారీ, ఆగు! అందరూ ఆగండి! మన నీళ్లు మిగలాలంటే పై వరసలో బోరు నీళ్ల గడి ముట్టుకోకండి, ఆ పార్టీ అభ్యర్థిగా నేనే చెబుతున్నా, నాకు ఒక్క ఓటు కూడా వెయ్యకండి!”