బర్రె వాటా మందు

“నోరు తెరువు” అన్నది సత్తెమ్మ.

పెంటయ్య తెరిచాడు. నాలుక మీద ఏమీ లేదు. లోపల పొడి నింపిన మందు గొట్టం, అదే క్యాప్సూల్, దవడ పక్కన భద్రంగా ఉంది. భార్య పొయ్యి వైపు తిరగగానే దాన్ని అరచేతిలోకి ఊసి, కొట్టం చూరులో దాచిన సున్నం డబ్బాలో వేశాడు.

డెబ్భై నాలుగులో మాదాపూర్‌కు ఉన్నది మట్టిబాట ఒక్కటే. దాని మీద సర్కారు జీపు మైకు పెట్టుకుని తిరిగింది.

“జ్వరం తగ్గిందని మందు ఆపకండి. మనుషుల మందు పశువులకు పెట్టకండి. అరకొర మందుకు చావని క్రిములు మొండికెత్తుతాయండీ!” అని డాక్టర్ పార్థసారథి గారు గొంతు పోయేదాకా చెప్పారు. పెంటయ్య రొమ్ముకు నెమ్ము పట్టిందని గొట్టాలిచ్చిందీ ఆయనే.

జ్వరం రెండు రోజుల్లో దిగింది. ఇక ఆ మందు తనకెందుకు? రేపు బర్రెకేమన్నా అయితే అక్కరకొస్తుంది. ఊళ్ళో అందరూ చేసే పనే. పైగా ఆ బర్రె అంటే పెంటయ్యకు ప్రాణం.

సత్తెమ్మకు భయం. ఆమె తమ్ముడు ఇలాగే మధ్యలో మందు మానేశాడు. తిరగబెట్టిన జ్వరం అతన్ని తీసుకునే పోయింది. అప్పటినుంచి మొగుడు లింగంపల్లి బస్సెక్కినా ఆమెకు కళ్ళనీళ్ళే.

“పొద్దుగూకంగనే వస్తనే. గిట్ల ఏడుస్తవేంది?”

“పొయ్యేటోళ్ళంత వస్తమనే పోతరు” అనేది ఆమె.

పూటపూటా మందు. పూటపూటా దొంగాట. ఆ వెంటనే అన్నం, పచ్చిపులుసు.

“ఏందే, గింత చేదున్నది?”

“మెంతిపొడి జర ఎక్కువ పడ్డది. తిను.”

“నువ్వేసుకోవేంది?”

“నాకు పులుపు పడతలేదు.”

డబ్బా నిండేసరికి బర్రెకు పొదుగు వాచింది. మేత ముట్టలేదు. పెంటయ్య పరేషానయ్యాడు. గొట్టాలన్నీ తవుడులో కలుపుతూ తలెత్తితే ఎదురుగా సత్తెమ్మ!

ఇల్లెగిరిపోయేలా తిడుతుందనుకున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మంచిగ కలుపు. కానీ పశువుల డాక్టర్‌కు కబురు పంపిన. సూదులన్ని అయ్యేదాంక నేను ఊకోను.”

అన్నంత పనీ చేసింది. సూదులు నడిచినన్నాళ్ళూ పాలు కూడా పారబోయించింది. బర్రె కోలుకుని కుడితి గోలెంలో మూతి పెట్టింది.

జీపు మళ్ళీ వచ్చింది. పార్థసారథి గారు పెంటయ్య రొమ్ముకు స్టెతస్కోపు ఆనించి విని మురిసిపోయారు.

“నెమ్ము పూర్తిగా పోయిందండీ. ఆఖరి మందు దాకా మింగినట్టున్నారు!”

పెంటయ్య మీసాల చాటున నవ్వాడు. జీపు మలుపు తిరిగిందో లేదో భార్య మీద పడ్డాడు.

“ఇన్నవా? జ్వరం దిగినంక నేను ఒక్క గొట్టం మింగలే! అన్ని బర్రెకే పెట్టిన. నేను బతకలేదా? బర్రె బతకలేదా? ఉత్తగ ఫికర్ చేస్తవ్!”

సత్తెమ్మ తాపీగా అన్నం పెట్టి, ఇద్దరికీ పచ్చిపులుసు పోసింది. పెంటయ్య ఓ గుక్క జుర్రుకుని ఆశ్చర్యంగా చూశాడు. ఇవాళ చేదు లేదు.

“నీకిచ్చిన గొట్టాలల్ల నేను బియ్యప్పిండి నింపిన,” అన్నది సత్తెమ్మ, “అండ్ల మందంత పూటపూట నీ పచ్చిపులుసుల కలిపిన.”