పుట్టువెంట్రుకల ఫోటో

ముప్పైయారు ఫోటోల రీలు సగానికి వచ్చింది గాని, అఖిలేశ్ ఒక్కసారి కూడా కెమెరా వైపు చూడలేదు.

తెల్లారితే వాడికి పుట్టువెంట్రుకలు తీస్తారు. మూడో ఏడు నడుస్తోంది. ఆ జడ, ఆ పూలు ఉండగానే ఒక ఫోటో దిగాలని దేవిదాస్, సుజన కొడుకును ముస్తాబు చేసి, పిట్లం పక్క ఊరి నుంచి బాన్సువాడ తీసుకొచ్చారు. వెంట దేవిదాస్ తల్లి పోసవ్వ.

బస్టాండ్ ఎదురుగా ఉన్న ఆ స్టూడియోకు రావడం అదే మొదలు. ఫోటోలు తీసే బసవయ్య జుక్కల్ వైపు మనిషి, యాభై దాటినవాడు.

ఆయన చప్పట్లు కొట్టాడు. గిలక్కాయ ఊపాడు. పిల్లిలా అరిచాడు. పేరు పెట్టి పిలిచాడు, తల్లి చేత పిలిపించాడు.

పిల్లవాడు మూలన తిరుగుతున్న ఫ్యాను మీంచి చూపు తిప్పలేదు. ఫ్యాను ఆపితే ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. మళ్ళీ వేయక తప్పలేదు.

ఇంకెవరైనా అయితే విసుక్కునేవారు. బసవయ్య మాత్రం ప్రతిసారీ ఒక ఫోటో తీసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

తర్వాత సుజనను పక్కకు పిలిచాడు. ఏదైనా కావాలంటే వేలితో చూపిస్తాడా, ఇంట్లోనైనా పిలిస్తే తిరిగి చూస్తాడా అని అడిగాడు. సుజన తల దించుకుంది. ఏడాదిగా ఆమె తనను తాను అడుగుతున్నవి ఆ రెండు ప్రశ్నలే.

“హైదరాబాద్ పెద్ద దవాఖానల గిట్లాంటి పిల్లలను చూసేటోళ్ళున్నరు బిడ్డా. గిప్పుడైతె నేర్పిస్తె నేర్సుకుంటడు. లేట్ చెయ్యకు” అన్నాడు బసవయ్య.

పోసవ్వ చెవులు అక్కడే ఉన్నాయి.

“నీకు ఫోటో దియ్యరాక మా పోరని మీద వెడ్తున్నవా? వీళ్ళ నాయిన గూడ నాలుగేండ్లకు మాట్లాడిండు.”

దేవిదాస్ గోడ వైపు చూపించాడు. అక్కడ ఉన్నది ఒకే ఒక్క పటం. అందులో పదేళ్ళ పిల్లవాడు మొహం పక్కకు తిప్పి ఎటో చూస్తున్నాడు. ఆ పటం చూసినప్పుడే వాపస్ పోవాల్సిందని దేవిదాస్ తల్లితో గట్టిగానే అన్నాడు.

బసవయ్య భుజం మీది తువ్వాలు తీసి ఆ పటం మీది దుమ్ము తుడిచాడు.

వాళ్ళు రెండు వీధుల అవతల ఇంకో స్టూడియోకు పోయారు. అక్కడ దేవిదాసే కొడుకు గడ్డం పట్టి కెమెరా వైపు తిప్పాడు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది, అడుగున తండ్రి వేళ్ళు రెండు పడ్డాయి, అంతే. చూసినవాళ్ళంతా పిల్లవాడు ఎంత బుద్ధిగా దిగాడో అన్నారు.

పోసవ్వ అంతటితో ఊరుకోలేదు. పసిపిల్లలకు వంకలు పెట్టే ఫోటోగ్రాఫర్ అని కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. ఇలాంటి మాట ఊళ్ళు తిరగడానికి బస్సు కోసం ఆగదు.

పది రోజులకు బసవయ్య వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పోసవ్వ గడప తొక్కనివ్వలేదు. నీళ్ళబిందెతో ఎదురైన సుజన చేతిలో ఒక కవరు పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె దాన్ని విప్పకుండానే పెట్టె అడుగున, చీరల కింద దాచింది. విప్పితే తన అనుమానం నిజమవుతుందని భయం.

ఆ తర్వాత మాటలు రావాలని నాలుకకు వస రాశారు. తాయెత్తులు కట్టారు. కనిపించిన దేవుడికల్లా మొక్కారు. నాలుక మందమని ఒకరు, చెవుడని ఒకరు అన్నారు. వాళ్ళ నాయిన మాట్లాడిన నాలుగో ఏడు వచ్చింది, పోయింది. బడిలో వేస్తే రెండో వారానికే ఇంటికి పంపారు.

నాలుగేళ్ళు అలా గడిచాక, ఇక భయపడే ఓపిక కూడా లేక, సుజన పెట్టె అడుగు నుంచి కవరు తీసింది. పైన దవాఖాన పేరు, గది నంబరు, చూసే రోజు రాసి ఉన్నాయి. లోపల పన్నెండు ఫోటోలు.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ వాటిని బల్ల మీద పరిచింది. అన్నింటిలోనూ పిల్లవాడు ఒకే వైపు చూస్తున్నాడు. ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చదివింది.

‘చప్పట్లు కొట్టిన. చూడలే.’

‘పేరు వెట్టి పిలిచిన. చూడలే.’

‘తల్లి పిలిచింది. చూడలే.’

చాలాసేపు పిల్లవాణ్ణి పరీక్షించి, ఇది ఆటిజం అని చెప్పింది. ఆ మాట వాళ్ళెప్పుడూ వినలేదు.

“ఫోటోలు చూసి ఏదీ తేల్చలేం. కానీ ఇవి పట్టుకుని అప్పుడే వచ్చి ఉంటే, నేర్పడానికి నాలుగేళ్ళు మన చేతిలో ఉండేవి. మీ వైపు నుంచి ఇలాంటి కవర్లతో ఆరుగురు వచ్చారు. అందరూ మూడేళ్ళ లోపు పిల్లలే. మీరు చెప్పేదాకా వీటిని పంపేది ఎవరో బడిపంతులు అనుకున్నాను.”

ఇప్పటికైనా మొదలుపెడదామంది. కార్డు మీద అతికించడానికి పిల్లవాడి ఫోటో ఒకటి తెమ్మంది.

తిరుగుప్రయాణంలో బాన్సువాడలో దిగాక దేవిదాస్, ఫోటో బసవయ్య దగ్గరే దిగుదామన్నాడు. తప్పయిందని చెప్పాలని ఉంది, ఆ మాట ఎలా ఎత్తాలో తెలియదు.

స్టూడియో ఉన్న చోట ఎస్టీడీ బూత్ ఉంది.

పక్కన టీ కొట్టు లక్‌పతిని అడిగారు. పిల్లలను తీసుకురావడానికి జనం జంకారని, గిరాకీ లేక ఆయన స్టూడియో మూసి జుక్కల్ వెళ్ళిపోయాడని, పోయిన వానాకాలం అక్కడే కాలం చేశాడని లక్‌పతి చెప్పాడు. జనం ఎందుకు జంకారో దేవిదాస్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. కొడుకు చేయి పట్టుకుని నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

సుజన ఆ గోడ మీది పటం ఏమైందని అడిగింది.

“గదొక్కటే ఎంబడి పట్కపోయిండక్కా” అన్నాడు లక్‌పతి గ్లాసులు కడుగుతూ. “అండ్ల దిక్కులు చూసే పోరడు ఆయన కొడుకే, వానికేముందో పన్నెండేండ్లు నిండినంక గాని గాయనకు తెల్వలే.”