ఒకే ఒక్క స్టార్

ఎదురు వీధిలో కొత్త డ్రైవింగ్ స్కూల్ వచ్చాక అక్క స్కూల్లో చేరేవాళ్లు తగ్గిపోయారు. ఇలాగే సాగితే రెండో కారు అమ్ముకోక తప్పదు. అందుకే తమ్ముడు ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"కొత్తవాళ్లు మన స్కూల్‌కి రావాలంటే మనం చేరదగ్గ రివ్యూల సైట్లు రెండున్నాయక్కా. మొదటిది మన మాట వింటుంది. చెడ్డ రివ్యూ తీసేయమంటే చడీచప్పుడు లేకుండా తీసేస్తుంది. రెండోది మొండిఘటం. ఏదీ తీయదు, పైగా తిట్టినవే ముందు చూపిస్తుంది."

"అయితే రెండోదాంట్లో చేరదాం," అంది అక్క.

"నీకేమైనా పిచ్చా? మనకి ఒక్క స్టార్ ఇచ్చిన మహానుభావుడు ఒకడున్నాడు. స్కూల్ పేరు కొట్టగానే అక్కడ ముందు వాడే తగులుతాడు."

"తగలనీ."

"పరువు పోతుందక్కా."

"ఏం రాశాడో చదివావా?"

"ఒక్క స్టార్ చూశాక ఇంక చదివేదేముంది?"

"ఇప్పుడు చదువు. నాకు వినపడేలా."

తమ్ముడు విసుగ్గా గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"'ఈ స్కూల్‌కి ఎవరూ వెళ్లకండి. మా ఆవిడకి కారు నేర్పొద్దని నేను స్వయంగా వెళ్లి చెప్పాను. అయినా నేర్పారు. వీధి చివరిదాకా ఒంటరిగా వెళ్లని మనిషి ఇప్పుడు కారు తీసుకుని పోతోంది. ఎక్కడికని అడిగితే, వచ్చాక చెప్తానంటోంది.'"

అతను తలెత్తి అక్క వైపు చూశాడు.

"దాని కింద మనం జవాబు రాయొచ్చా?" అని అడిగింది అక్క.

"రాయొచ్చు."

"మన ఫోన్ నంబరు రాయి. ఇంకేం వద్దు."