పదకొండో సెకను

పదకొండో సెకనులో కింది అంతస్తు పిల్లర్లు విరిగిపోయాయి. ఆ వెంటనే ఐదంతస్తుల ఆస్పత్రి మొత్తం కూలింది.

కూలింది కంప్యూటర్లోనే. అయినా ఇంజనీరమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ ఆస్పత్రి నాలుగో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఆమె చెల్లెలు ఉంది. ఏడో నెల. మంచం దిగడానికే వీల్లేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మళ్ళీ లెక్క వేసింది. మళ్ళీ పదకొండో సెకనే.

ఆ ఊరి కింద నేలలో ఒక పగులు ఉంది. అది పెద్దగా కదలడం చూసినవాళ్ళు ఇప్పుడెవరూ బతికి లేరు. కొలిచిన పరికరమూ లేదు. అందుకని అది కదిలితే ఆస్పత్రి కింద నేల ఎలా ఊగుతుందో కంప్యూటర్ చేత లెక్క కట్టించాలి. మూడేళ్ళుగా ఇంజనీరమ్మ చేస్తున్న పని అదే. ఆఫీసులో ఆమెకు భూకంపం మేడమ్ అని పేరు. ఆమె వస్తుంటే టీ గ్లాసులు గట్టిగా పట్టుకోండర్రా అని చాటున నవ్వుకుంటారు. నవ్వేవాళ్ళకేం, వాళ్ళ చెల్లెళ్ళు ఆ మంచం మీద లేరు.

పరుగున పైఅధికారి గదికి వెళ్ళింది. ఏ ఫైలు పెట్టినా పర్లేదు పర్లేదు అంటాడు కనక ఆయన్ని అందరూ పర్లేదు సార్ అంటారు. ఆస్పత్రి ఖాళీ చేయించమని ఆమె బతిమాలింది. ఆయన తాపీగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"రాని భూకంపాన్ని నువ్వే పుట్టించి, నువ్వే జడుసుకుంటే ఎలాగమ్మా? ముందు నీ కంప్యూటర్ నిజం చెబుతోందని తేల్చు."

మాట న్యాయమైనదే. తేల్చడానికి పద్ధతి కూడా ఉంది. ఆ ఊళ్ళో అడపాదడపా నేల కొద్దిగా కదులుతూనే ఉంటుంది. ఆస్పత్రి సెల్లార్‌లో కొలిచే పరికరం పెట్టాలి. ఈసారి కదిలినప్పుడు అదే కదలికను కంప్యూటర్లోనూ లెక్క కట్టాలి. రెండూ కలిస్తే కంప్యూటర్‌ని నమ్మొచ్చు. కలవకపోతే పరికరం మాటే చెల్లుతుంది.

మర్నాడే పరికరం పట్టుకెళ్ళింది. కుట్టుమిషను పెట్టెంత ఉంటుంది. సెల్లార్ మూలన పెట్టింది. రెండు నెలల ముచ్చటే కదా అని నేలకు బోల్టులు బిగించలేదు. కొలతలు సిమ్ ద్వారా ఆఫీసుకే వచ్చేస్తాయి, మాటిమాటికీ వచ్చి చూసే పని లేదు. వాచ్‌మన్ తాతకు అప్పగించి, పాడైతే ఇలాంటిది మళ్ళీ దొరకదని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఇరవై రోజులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగింది. లారీ వెళ్ళి గోడ అదిరినా ఉలిక్కిపడేది. అన్నం సయించేది కాదు. ఇక ఉండబట్టలేక, పక్క ఊళ్ళోని ఒకే అంతస్తు ఆస్పత్రికి చెల్లెల్ని మార్చడానికి సోమవారానికి అంబులెన్సు మాట్లాడింది. దారంతా గతుకులు, బిడ్డ దక్కుతుందని తాను చెప్పలేనంది డాక్టరమ్మ. ఆ మాట విన్న దగ్గర్నుంచి రెండు భయాలయ్యాయి.

గురువారం పదకొండు గంటలకు నేల కదిలింది. ఆఫీసులో బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది.

"మంచం గోడ దాకా జరిగిందక్కా. సెలైన్ స్టాండు పడిపోయింది. భయంగా ఉంది, నన్ను తీసుకుపో."

గంటలో కొలతలు వచ్చాయి. కంప్యూటర్ చెప్పిన కుదుపులో పరికరం రాసింది మూడో వంతే.

ఆమె నమ్మలేకపోయింది. మంచం జరిగిన సంగతి చెప్పింది. పర్లేదు సార్ నవ్వాడు.

"మంచానికి చక్రాలుంటాయమ్మా, జరక్కేం చేస్తుంది? పరికరానికి చెల్లెళ్ళుండరు. అది రాసిందే నిజం."

ఆమె తన కంప్యూటర్ దగ్గరికి తిరిగి వచ్చింది. పద్ధతి ప్రకారం పెద్ద భూకంపం లెక్కను కూడా మూడో వంతుకు తగ్గించింది. మళ్ళీ నడిపించింది. పదకొండో సెకను వచ్చింది, పోయింది. ఇరవై దాటింది. ముప్ఫై దాటింది. ఆస్పత్రి చెక్కుచెదరలేదు. ఆమె బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

శుక్రవారం భవనం భద్రమని సంతకం చేసింది. ఆ కాగితం చూసి పైవాళ్ళు, ఆస్పత్రి పాత భవనంలోని రోగులను కూడా ఈ ఐదంతస్తుల్లోకే మార్చమన్నారు. అంబులెన్సు వద్దని తనే ఫోన్ చేసి చెప్పింది. పరికరం కోసం రేపు వస్తున్నానని తాతకూ చెప్పింది.

శనివారం చెల్లెలి పక్కన కూర్చుని జుట్టు నిమిరింది. ఇన్నాళ్ళూ తన పిరికితనంతో దాన్ని కూడా హడలగొట్టినందుకు సిగ్గుపడింది. ఇంక భయం లేదే, హాయిగా ఇక్కడే కను అని చెప్పింది. చెల్లెలు చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆమె సెల్లార్‌లోకి దిగుతుంటే పాత భవనం నుంచి తెచ్చిన రోగులను లిఫ్టుల్లో పైకి తీసుకెళ్తున్నారు. తాత అప్పటికే పెట్టెను శుభ్రంగా తుడిచి, గోడవార గచ్చు మీద సిద్ధంగా ఉంచాడు. ఎక్కడా ఒక్క గీత లేదు. ఇంత భద్రంగా ఎలా కాపాడావని ఆమె మెచ్చుకుంటూ అడిగింది. తాత మురిసిపోయాడు.

"ఒట్టి గచ్చు మీద పెట్టి వెళ్ళిపోయారు, కుదుపులకు పాడైపోదూ అని, ఆ రోజు నుంచి నిన్నటి దాకా నా దూది పరుపు నాలుగు మడతలేసి దాని మీదే ఉంచానమ్మా."