ఎదురు ఫ్లాట్ వయొలిన్

దెబోరా బెల్ కొట్టగానే ఎదురు ఫ్లాట్‌లో వయొలిన్ మొదలైంది.

క్రిస్మస్ కేకు పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడింది. వాయించడం ఆగలేదు. తలుపు తెరుచుకోలేదు. స్టీలు ప్లేటు గుమ్మంలో పెట్టి వచ్చేసింది.

"పొమ్మనడానికే వాయిస్తాడండీ," అంది భర్తతో.

"రూబిన్ గారికి తొంభై దాటాయి. చెవుడేమో," అన్నాడు ఇమ్మాన్యుయేల్.

"చెవుడైతే బెల్ మోగగానే ఎలా మొదలెడతాడు? పార్సిల్ వాడొచ్చినా ఇదే కచేరీ. అందుకే పోయిన నెల అపార్ట్‌మెంట్ ఆఫీస్‌లో కంప్లైంట్ పెట్టా. ఎవడూ పట్టించుకోలేదు."

ఇమ్మాన్యుయేల్ లాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు. ఉద్యోగం పోయి అరవై మూడు రోజులు. అమెరికాలో వీసావాళ్లకి కొత్తది వెతుక్కోవడానికి ఉన్న గడువు అరవై; దాటితే పట్టుకుని దేశం నుంచి పంపేస్తారు.

"రేపు ఇంటర్వ్యూకి వెళ్తున్నా. ఎవరు తలుపు కొట్టినా తీయకు," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం తలుపు దబదబా మోగింది.

దెబోరా పీప్‌హోల్‌లోంచి చూసింది. యూనిఫామ్‌లో ఇద్దరు.

నాలుగేళ్ల అబిగేల్‌ని ఎత్తుకుని బట్టల క్లోజెట్‌లో దూరింది.

"మమ్మీ, పోలీస్?"

పాప నోరు అరచేత్తో మూసింది. "ప్రభువా, ప్రభువా," అనుకుంది.

మళ్లీ కొట్టారు.

ఎదురు తలుపు తెరుచుకున్న చప్పుడు. వెంటనే వయొలిన్. ఈసారి వరండాలోనే.

"సర్, మీ గురించే కంప్లైంట్ వచ్చింది. ఆపండి."

ఆగలేదు.

"సర్!"

చివరికి బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయింది. వయొలిన్ ఇంకా చాలాసేపు మోగింది.

సాయంత్రం సంగతి తెలిసింది. వాళ్లు దెబోరా కంప్లైంట్ గురించి అడగడానికి వచ్చిన అపార్ట్‌మెంట్ సెక్యూరిటీవాళ్లు.

"నీ కంప్లైంట్‌తో మనల్నే చంపేసేదానివి కదే!" అన్నాడు ఇమ్మాన్యుయేల్.

"నా గుండె ఆగినంత పనైంది. ఇకనైనా ఆ ముసలాయన ఊరుకుంటాడు లెండి."

ఊరుకున్నాడు. ఆ రోజు తర్వాత ఆ ఫ్లాట్‌లో వయొలిన్ వినిపించలేదు.

పదో రోజున ఒకావిడ స్టీలు ప్లేటు తెచ్చిచ్చింది.

"నేను రూబిన్ గారి అమ్మాయిని. నాన్న పోయారు. ఇది మీదని పోయేముందు చెప్పారు. ఆ వయొలిన్‌తో మీకు ఇబ్బందైంది, సారీ."

"బెల్ కొడితే ఎందుకు వాయించేవారండీ?"

"చిన్నప్పుడు నాజీల క్యాంప్‌లో ఉన్నారు. తలుపు కొట్టారంటే ఎవరినో చంపడానికి తీసుకెళ్తారని అర్థం. వాయించే పిల్లవాణ్ణి మాత్రం వదిలేసేవారు. అలా బతికారు. అమెరికా వచ్చాకా ఆ భయం పోలేదు. చప్పుడైతే ముందు వయొలిన్ తీసేవారు. వచ్చినవాళ్లు వెళ్లేదాకా తలుపు తీసేవారు కాదు. నాకు తెలిసి ఒక్కసారి కూడా."

దెబోరా ప్లేటు పట్టుకుని ఎదురు తలుపు వైపు చూసింది.

ఆయన తలుపు తీసుకుని బయటికొచ్చి వాయించిన ఆ ఒక్క రోజు, వాళ్లు కొట్టింది తన తలుపు.