టేకుతోటలో ముసలాయన

1968 వేసవి. పాలకొండ అవతలి రిజర్వు అడవిలో సర్కారు వేసిన టేకుతోటకు గార్డు జగన్నాధం ఒక్కడే కాపలా. ఆ రాత్రి గొడ్డలి చప్పుడు విని వెళ్ళేసరికి నలుగురు ఒక మానును నరుకుతున్నారు. అతను వెళ్ళి చెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ముందు నన్ను నరకండ్రా!"

వాళ్ళలో పెద్దవాడు గొడ్డలి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. అతని చూపు జగన్నాధం భుజం మీదుగా వెనక్కి పోయింది.

"ఒక్కడే ఉంతాడని సెప్పినావు కదరా! ఆ ముసిలోడెవుడు?" అన్నాడు పక్కవాడితో.

గొడ్డళ్ళు పారేసి నలుగురూ పరుగెత్తారు.

అడవి మళ్ళీ నిశ్శబ్దమైంది. జగన్నాధం వెనక ఎండుటాకులు నలిగాయి. మళ్ళీ నలిగాయి, ఈసారి ఇంకా దగ్గరగా. ఇరవై ఏళ్ళ కిందట ఈ తోటలో మొక్కలన్నీ తన చేత్తో నాటి, కావడితో నీళ్ళు మోసి బతికించిన పాత గార్డు దాలయ్య పోయి అప్పటికి ఏడాది.

జగన్నాధం తిరిగి చూడలేదు. టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"మాను బతుకుతాది మావా. గాటు లోతుగా పడనేదు," అన్నాడు మెల్లగా.

ఆకుల చప్పుడు ఆగింది. గాటు పడ్డచోట బెరడును ఎవరో నెమ్మదిగా తడుముతున్న చప్పుడు వినిపించింది.